రాత్రి రెండున్నర పికప్ ఏ లెక్కలోకి వస్తది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అత్తాపూర్‌లో ఉంటా సార్, పదకొండేళ్ల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి క్రూ క్యాబ్ నడుపుతున్న. క్రూ క్యాబ్ అంటే ప్యాసింజర్లది కాదు, విమానం నడిపే పైలట్లని, లోపల పనిచేసే కేబిన్ క్రూని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఎయిర్‌పోర్టులో దింపాలె, డ్యూటీ అయినంక మళ్ల ఇంటికి తేవాలె, అది నా పని. పైలట్ల డ్యూటీ టైం రూల్స్ గురించి ఈ మధ్య పేపర్లలో, టీవీలో మస్తు వచ్చింది, కంపెనీలు మాట్లాడినయ్, పైలట్ సంఘాలు మాట్లాడినయ్, టికెట్ కొన్నోళ్లు తిట్టిండ్రు. కానీ అర్ధరాత్రి వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు ముంగట బండి ఆపి, హారన్ కొడితే వాచ్‌మన్ తిడతడని ఫోన్ చేసి లేపేటోడి మాట ఎక్కడా రాలే, అందుకే రాస్తున్న. కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

ముందు ఒక లెక్క చెప్తా. పొద్దున 5:30కి ఒక ఫ్లైట్ ఉందనుకోండి, ప్యాసింజర్లు పొద్దున ఫ్లైట్ అంటరు కదా, క్రూకి అది రాత్రి డ్యూటీనే. 4:15కల్లా రిపోర్టింగ్. కొండాపూర్ నుంచి ఓఆర్ఆర్ మీద ఖాళీ రోడ్డయినా ముప్పావు గంట, పార్కింగ్, గేటు దగ్గర ఐడీ కార్డు చెకింగ్ కలిపి గంటకు తక్కువ పట్టదు. పైగా ఒక్కరికి ఒక బండి ఇయ్యరు, ఒక బండిలో ముగ్గురు, మియాపూర్‌లో ఒక అమ్మాయిని, తర్వాత కొండాపూర్‌లో సార్‌ని, తర్వాత మణికొండలో ఇంకొకరిని ఎక్కించుకోవాలె. అంటే ముందు ఎక్కే ఆ మియాపూర్ అమ్మాయికి పికప్ రెండున్నరకి. యూనిఫాం, జుట్టు, మేకప్ అన్నీ కంపెనీ చెప్పినట్టే ఉండాలె కాబట్టి ఒకటింటికి లేస్తది. ఒకటింటికి లేచే మనిషి ఏడు గంటలు పండాలంటే సాయంత్రం ఆరింటికి పండాలె, హైదరాబాద్‌లో సాయంత్రం ఆరింటికి ఎవలికి నిద్ర వస్తది సార్? పక్కింట్లో టీవీ, కింద పిల్లల క్రికెట్, వంటింట్లో కుక్కర్ విజిల్. ఆ అమ్మాయిది జగిత్యాల దిక్కు ఊరు, ఒకరోజు బండి ఎక్కంగనే "అంకుల్, పొద్దుగూకంగనే లైట్ బంద్ చేసి పండుకున్నా, తొమ్మిది దాకా కళ్లు మూసుకుని అట్లనే ఉన్నా" అన్నది, గచ్చిబౌలి ర్యాంప్ ఎక్కకముందే తల కిటికీకి ఆనించి పడుకుంది. నేను బండి మెల్లగ పోనిచ్చిన, స్పీడ్ బ్రేకర్ వస్తే తల కొట్టుకుంటదని.

ఇప్పుడు అసలు విషయం. ఆ రెండున్నర నుంచి 4:15 దాకా ఉన్న టైం ఏ లెక్కలోకి వస్తదో తెలుసా? విమానాల రూల్స్ చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ పైలట్లకి పెట్టిన రూల్‌లో ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి వచ్చే టైం, పోయే టైం డ్యూటీలోకీ రాదు, రెస్ట్‌లోకీ రాదు. డ్యూటీ రిపోర్టింగ్ నుంచే మొదలైతది. ప్రయాణానికి ఎంత టైం పడుతదో కంపెనీ చూసుకుని, దానివల్ల రెస్ట్ తగ్గకుండ రోస్టర్, అంటే ఎవరి డ్యూటీ ఎప్పుడనే పట్టిక, వేయాలె అని రాసిండ్రు, అది మంచిమాటే. కానీ ఆ ఎంత అనేది లెక్కకట్టేది కంపెనీయే. నాకు తెలిసిన ఒక కంపెనీ రోస్టర్‌లో హైదరాబాద్‌కి గంట అని వేసుకుంటరు, వానపడ్డ సాయంత్రం గచ్చిబౌలి నుంచి కొండాపూర్ ఫ్లైఓవర్ కింద ఒక్కదగ్గరే నాకు గంట పోతది. రెస్ట్ కనీసం 12 గంటలు ఉండాలె, అంతకుముందు చేసిన డ్యూటీ 12 కంటే ఎక్కువైతే అంత ఉండాలె అని రూల్, ఆ 12లో నుంచి స్నానం, తిండి, ఇంట్లోవాళ్లతో రెండు మాటలు, మళ్ల తయారయ్యుడు తీసేస్తే ఏముంటది, మీద నుంచి ట్రాఫిక్‌లో ఒక గంట అటు ఒక గంట ఇటు ఎక్కువ తింటే మిగిలేది ఐదు గంటల నిద్ర, అది కూడ పడితే.

పగలు నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రంతా పనిచేసి పొద్దున తొమ్మిదికి ఇంటికి వచ్చినోడిని పండుకో అంటే ఎట్ల పండుకుంటడు? పాత సామాన్లు కొంటాం అని మైకు, బోరు వేసే బండి, ఎదురు బిల్డింగ్‌లో మార్బుల్ కట్టింగ్, శ్రావణమాసం వస్తే బ్యాండు, మధ్యలో కొరియర్ అని ఫోన్. పైగా ఒంటికి సూర్యుడు తెలుసు, ఎంత కర్టెన్లు వేసినా పగటి నిద్ర రాత్రి నిద్రంత పొడుగు రాదు, అంత గట్టిగానూ ఉండదు. రాత్రి రెండు నుంచి ఆరు మధ్య మనిషి చురుకు అన్నింటికంటే కిందికి పోతదని నిద్ర మీద చదువుకున్న డాక్టర్లు చెప్తరు, నాకు డాక్టర్ చెప్పక్కర్లే, పదకొండేళ్లు ఆ టైంలనే బండి నడిపిన. మూడున్నర, నాలుగు మధ్య రోడ్డు మీద తెల్లగీత రెండు గీతలైతది.

కొత్త రూల్స్ 2024 జనవరిలో వచ్చినయ్. అందులో మూడు ముక్కలు ముఖ్యం. వారానికి ఇచ్చే రెస్ట్ 36 గంటల నుంచి 48 గంటలు చేసిండ్రు, అందులో రెండు రాత్రులు కచ్చితంగ ఉండాలె. రాత్రి అంటే ఇంతకుముందు 12 నుంచి 5 దాకా అనుకునేవాళ్లు, ఇప్పుడు 6 దాకా చేసిండ్రు. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు దాకా చేయించొచ్చని ఉండె, రెండుకి తగ్గించిండ్రు, విమానం నడిపే టైం 8 గంటలు, మొత్తం డ్యూటీ 10 గంటలు దాటొద్దన్నరు.

ఐదు నుంచి ఆరు, ఒక్క గంటే కదా అని నా బండిలో ఎక్కిన ఒక పెద్దమనిషి అన్నడు. ఆ ఒక్క గంటలనే ఉంది మొత్తం. పాత లెక్కలో 5:15కి రిపోర్ట్ అయితే అది పగటి డ్యూటీ, హైదరాబాద్ నుంచి వైజాగ్, వైజాగ్ నుంచి హైదరాబాద్, మళ్ల తిరుపతి, మళ్ల వెనక్కి, నాలుగు సెక్టార్లు వేసినా రూల్ ఒప్పుకుంటది. కానీ ఆ పైలట్ లేచింది మూడింటికి, నాలుగో ల్యాండింగ్ చేసేటప్పటికి ఒంట్లో సత్తువ ఎంతుంటది? కొత్త లెక్కలో అదే 5:15 రాత్రి డ్యూటీ కిందికి వస్తది, రెండు ల్యాండింగ్‌లు, అంతే. అందుకే కంపెనీలకి ఈ రూల్ నొప్పి తగిలింది, పొద్దున్నే విమానం లేపి రోజంతా తిప్పితేనే వాళ్లకి గిట్టుబాటు, అదే పైలట్లతో తిప్పుడు కుదరదంటే ఎక్కువమందిని పెట్టుకోవాలె. వాళ్ల బాధ నాకు అర్థమైతది, విమానం కిస్తీలు, పెట్రోలు ఖర్చు అన్నీ ఉంటయ్. కానీ పైలట్ల కొరతని పైలట్ నిద్రలో నుంచి పూడ్చుకోవద్దు కదా సార్.

ఆ రూల్ మొదట 2024 జూన్ 1 నుంచి అన్నరు, వాయిదా పడింది, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి పోయినయ్, ఆఖరికి కొన్ని 2025 జూలై 1 నుంచి, మిగిలినయ్ నవంబర్ 1 నుంచి అని తేలింది. అంటే రూల్ కాగితం మీదికి వచ్చిననాటి నుంచి పూర్తిగ అమలయ్యేదాకా 22 నెలలు. అయినా డిసెంబర్‌లో ఏమైందో దేశమంతా చూసింది, ఇండిగో ఫ్లైట్లు డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా క్యాన్సిల్ అయినయ్. దేశంలో తిరిగే ప్యాసింజర్లలో నూటికి అరవై మందికి పైగా ఎక్కేది ఆ కంపెనీ విమానాలే, అది ఆగితే అందరం ఆగినట్టే. అప్పుడు డీజీసీఏ వాళ్లకి రాత్రి డ్యూటీ రూల్స్ కొన్నింటి నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారం రెస్ట్‌కి బదులు సెలవు చూపించొద్దు అనే ఇంకో రూల్ ఉండె, అదే రోజు దాన్ని అన్ని కంపెనీలకీ వెనక్కి తీసుకుంది. తర్వాత జనవరిలో 22.20 కోట్ల జరిమానా వేసిండ్రు, సరే. కానీ ఎయిర్‌పోర్టుల్లో ముసలోళ్లు, పసిపిల్లలతోటి తల్లులు నేలమీద పడుకున్న ఫోటోలు చూసి జనం ఏమన్నరు? "ఈ కొత్త రూల్స్ వల్లనే ఇదంతా" అన్నరు. నా బండిలోనే నలుగురైదుగురు అన్నరు. రూల్ వల్ల కాదు సార్, రూల్ వస్తదని తెలిసి కూడ మనుషులని తయారు పెట్టుకోకపోవుడు వల్ల. కష్టం వచ్చినప్పుడు ముందు కోసింది మళ్ల నిద్రనే.

నిద్ర కోస్తే ఏమైతదో మన దేశం చూసింది. 2010 మే 22, దుబాయ్ నుంచి మంగళూరుకి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, పొద్దున ఆరు దాటినంక రన్‌వే దాటిపోయి లోయలో పడింది, 158 మంది చచ్చిపోయిండ్రు, ఎనిమిది మందే బతికిండ్రు. ఎంక్వైరీలో కాక్‌పిట్ రికార్డర్ వింటే గంటా నలభై నిమిషాలు మాటలే లేవంట, కెప్టెన్ గురక వినపడ్డదంట. పక్కన ఉన్న కోపైలట్ మళ్ల పైకి లేపుదాం అని మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆపలేదు. ఆ కెప్టెన్‌కి ముందు సరిపోయే రెస్ట్ ఉందని కూడ అదే రిపోర్ట్‌లో ఉంది, అది దాచిపెట్టను. కానీ గాఢ నిద్రలో నుంచి లేచిన మనిషి మెదడు వెంటనే పనిచేయదు, ఆ నిద్రమత్తులో తప్పు నిర్ణయం తీసుకుని ఉండొచ్చని వాళ్లే రాసిండ్రు. నేను ఆ ముక్క చదివి చాలాసేపు అట్లనే కూర్చున్న, ఎందుకంటే కాగితం మీద రెస్ట్ ఇచ్చినంత మాత్రాన తెల్లారగట్ల నిద్ర ఆగదని అదే చెప్తుంది, ఇంక కాగితం మీదున్నది కూడ తగ్గిస్తే?

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర ఒక చిన్న విమానం ఇంటిమీద పడి 50 మంది పోయిండ్రు. ఆ కోపైలట్ డ్యూటీకి ఎట్ల వచ్చిందో తెలుసా, ముందు రాత్రంతా దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వేరే విమానాల్లో కూర్చుని వచ్చి, క్రూ రూంలో కూర్చుని, తర్వాత విమానం ఎక్కింది. అంటే డ్యూటీకి వచ్చుడే ఒక డ్యూటీ అయింది. ఆ తర్వాత వాళ్లు రూల్ మార్చిండ్రు, 2014 జనవరి నుంచి డ్యూటీకి ముందు 10 గంటల రెస్ట్, అందులో ఎవరూ కదిలించకుండ 8 గంటలు పండుకునే అవకాశం ఉండాలె అని. గంటలు లెక్కపెట్టినంక పండుకునే అవకాశం ఉందా అని కూడ అడిగిండ్రు చూడండి, నాకు నచ్చింది అది.

ఇంకో మాట. డ్యూటీ ఎక్కేముందు పైలట్లకి బ్రీత్ ఎనలైజర్ పెడతరు, కొంచెం మందు వాసన తేలినా విమానం ఎక్కనియ్యరు, చాలా మంచి పని. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు తేల్చిన లెక్క ఒకటి ఉంది, మనిషి వరుసగ 17 గంటలు మెలకువగ ఉంటే రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నోడితో సమానంగ మందగిస్తడట. మన దగ్గర రోడ్డు మీద బండి నడిపేటోడికి లిమిట్ 30 మిల్లీగ్రాములు. జూబ్లీహిల్స్‌లో శనివారం రాత్రి పోలీసులు పట్టుకుని బండి గుంజుకునే స్థాయి కంటే ఎక్కువన్నమాట. నిద్రలేమికి ఊదే మిషన్ ఇంకా రాలే, అందుకే రూల్ ఒక్కటే మనకున్న మిషన్.

ఇది నేను ఊరికె చెప్తలేను. నాలుగేళ్ల కింద ఒకరోజు పగలంతా వేరే బుకింగ్‌లు కొట్టి, డబ్బు అవసరముండె, పాపకి ఫీజు కట్టాలె, రాత్రి పికప్ కూడ ఒప్పుకున్న. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ దిక్కు దిగేకాడ ఒక్క క్షణం కన్ను మూసుకుపోయింది, పిట్టగోడకి అరగజం దూరంలో వెనక ఉన్న కెప్టెన్ సార్ "అన్నా!" అని గట్టిగ అరిచిండు. బండి ఆపి కిందికి దిగిన, చేతులు వణుకుతున్నయ్. సార్ కూడ దిగి నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, నీకు నిద్ర వస్తే నువ్వు పక్కకి ఆపుకోవచ్చు, నేను ఆపుకోలేను" అన్నడు. తప్పు నాదే, ఎవరిమీదా పెట్టను. ఆ రోజు నుంచి రాత్రి పికప్ ఉంటే పగలు బండి తియ్యను, నెలకి ఎంత పోయినా సరే. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961 నుంచి 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఉండె, రోజుకి 8 గంటలు, వారానికి 48 అని అందులో రాసి ఉండె, మా క్యాబ్ డ్రైవర్లలో ఎంతమందికి అది దక్కిందో మీరే ఒకసారి శంషాబాద్ పార్కింగ్‌కి వచ్చి అడగండి. విమానం నడిపేటోడి నిద్ర గురించి రాసేటప్పుడు ఆయన్ని తెచ్చేటోడి నిద్ర గురించి కూడ రాయాలె.

ప్యాసింజర్లకి ఒక మాట, నేను కూడ ప్యాసింజర్‌నే కాబట్టి. పోయినేడు చలికాలంలో అమ్మని కాశీకి తీసుకపోయి వస్తున్నం, పొగమంచుతో ఫ్లైట్ ఐదు గంటలు లేటు. ఆఖరికి అందరినీ ఎక్కించి కూర్చోబెట్టినంక క్రూ డ్యూటీ టైం అయిపోయింది, వేరే క్రూ వచ్చేదాకా ఆగాలె అన్నరు. ఇగ చూడండి, లేచి అరుపులు, వీడియోలు తీసుడు, ఒకాయన అక్కడున్న కేబిన్ క్రూ అమ్మాయి మొహంలోకి వేలు పెట్టి "ఇంకో రెండు గంటలు చేస్తే సచ్చిపోతవా" అన్నడు. మా అమ్మకి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, నాకు కూడ కోపం రాలేదని అనను, నీళ్ల సీసా కూడ ఇయ్యకుండ కూర్చోబెట్టిన కంపెనీ మీద వచ్చింది. కానీ ఆ అమ్మాయి మీద కాదు. ఆమె పొద్దుగాల ఎన్నింటికి లేచిందో నాకు తెలుసు. టైం అయిపోయింది అని క్రూ చెప్తే అది బద్ధకం కాదు, మన ప్రాణం మీదికి రాకుండ చెప్తున్నరు. అరవాలంటే ఆగినప్పుడు తిండి, నీళ్లు, రూం ఎందుకు ఇయ్యలేదని అరవాలె, ఇంకో క్రూని స్టాండ్‌బైలో ఎందుకు పెట్టుకోలేదని అరవాలె.

కేబిన్ క్రూ గురించి ఇంకా తక్కువ మాట్లాడుకుంటం. పైన నేను చెప్పిన 2024 రూల్స్ పైలట్లకి, కేబిన్ క్రూకి వేరే రూల్స్ ఉంటయ్. జనం వాళ్లని టీ ఇచ్చేటోళ్లు అనుకుంటరు. విమానంలో 50 సీట్లకి ఒకరు చొప్పున వాళ్లని పెట్టేది టీ కోసం కాదు, ఏదన్న అయితే సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకండ్లలో అందరినీ బయటపడెయ్యగలగాలె, విమానానికి సర్టిఫికెట్ ఇచ్చేముందు ఆ పరీక్ష పెడతరు. ఒకటింటికి లేచిన మనిషి ఆ 90 సెకండ్లలో ఎంత గట్టిగ అరవగలదు, తలుపు ఎంత తొందరగ తెరవగలదు?

విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన తెలుగాయన, శ్రీకాకుళం ఎంపీ, ఈ పేపర్ ఆయన టేబుల్ మీదికి పోతదని నమ్మకం. ఆయన్ని కొన్ని అడగాలని ఉంది. రాత్రి డ్యూటీ రూల్స్‌కి ఇక ముందు ఏ కంపెనీకీ, ఏ పండగ సీజన్‌కీ మినహాయింపు ఇయ్యొద్దు, ఫ్లైట్లు తగ్గించుకోమనండి, మేం రైలెక్కుతం. పికప్ టైం లెక్క కంపెనీ అంచనా మీద వదలొద్దు, మా బండ్లన్నిట్లో జీపీఎస్ ఉంది, ఎన్నింటికి ఎక్కించుకున్నం, ఎన్నింటికి దింపినం అంతా రికార్డ్ ఉంటది, ఆ రికార్డ్ తీసుకుని మియాపూర్ నుంచి శంషాబాద్‌కి నిజంగ ఎంత పడుతుందో, ముందు ఎక్కినోళ్లు ఎంతసేపు బండిలో కూర్చుంటున్నరో చూసి అప్పుడు రెస్ట్ లెక్క కట్టమనండి. అలసిపోయిన అని పైలట్లు రాసిచ్చే రిపోర్టులు కంపెనీలు మూడునెలలకోసారి డీజీసీఏకి పంపాలని కొత్త రూల్‌లోనే ఉంది, వాటిలో ఎన్ని ఒప్పుకున్నరు, ఎన్ని తోసిపుచ్చిండ్రు అనేది పేర్లు లేకుండ జనానికి చూపియ్యమనండి. రిపోర్ట్ రాస్తే తర్వాత రోస్టర్‌లో కక్ష తీర్చుకుంటరని నా బండిలో భయపడే పిల్లలున్నరు, ఉద్యోగానికి కొత్త, శిక్షణకి లక్షల అప్పు చేసి వచ్చినోళ్లు, వాళ్లు గట్టిగ చెప్పలేరు.

ఎడిటర్ గారూ, మీరు కూడ ఒక విలేకరిని ఒక్క రాత్రి నా బండిలో పంపండి, ముందు సీటు ఖాళీగనే ఉంటది. మియాపూర్ పికప్ రెండున్నరకి.

ఇట్లు,
ఒక క్రూ క్యాబ్ డ్రైవర్,
అత్తాపూర్, హైదరాబాద్.